రెండు చిప్పుల ల్యాప్‌టాపు, తిరిగివ్వని ఎల్సీ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసివ్వమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను ఆదోని కోట గురించో, సిద్ది మసూద్ ఖాన్ కాలపు జామియా మసీదు గురించో రాస్తానని అనుకొని ఉంటారు. ఆ రెండింటి గురించి నాకంటే బాగా తెలిసినవారు మన సభ్యుల్లోనే నలుగురైదుగురు ఉన్నారు. నేను రాయబోయే చరిత్ర అంత పాతది కాదు. గట్టిగా లెక్కేస్తే ఇరవై ఏళ్ళది. ఒకే ల్యాప్‌టాపులో రెండు బొమ్మల చిప్పులు పెట్టడం, లైనక్స్ అనే ఉచిత వ్యవస్థ మీద ఆ రెండింటినీ పని చేయించడానికి ప్రపంచంలో కొందరు పడిన పాట్లు, వారి పాట్ల పుణ్యమా అని 2020లో మా ఇంట్లో జరిగిన సంగతి, ఇవే ఇందులోని విషయాలు. పెన్షనర్లకు దీనితో ఏం పని అని పేజీ తిప్పవద్దని మనవి. మనలో చాలామంది ఇళ్ళల్లో పిల్లలు వాడి వదిలేసిన ల్యాప్‌టాపులు బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిలో కొన్ని ఈ రెండు చిప్పులవే.

నన్ను ఎరుగని కొత్త సభ్యుల కోసం ఒక మాట. నేను 1974లో విద్యుత్ బోర్డులో చేరాను. 1999 ఫిబ్రవరి 1న బోర్డు విడిపోయేదాకా బోర్డు మనిషిగాను, ఆ తరువాత ఏ బోర్డు కింద ఉంటే ఆ బోర్డు కింద, ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య ఆ ముప్పై కిలోమీటర్ల రోడ్డు మీదనే సర్వీసంతా గడిపి 2009లో రిటైరయ్యాను. కంప్యూటరు చదువు నాకు లేదు. కరెంటు చదువు ఉంది. ఈ వ్యాసంలో పోలికలన్నీ కరెంటువే కావడానికి కారణం అది.

కంప్యూటరు తెర మీద మనం చూసే ప్రతి అక్షరాన్ని, ప్రతి బొమ్మను గీసే పని ఒక చిప్పుది. ల్యాప్‌టాపుల్లో ఇది రెండు రకాలు. ప్రధాన చిప్పులోనే ఇమిడి ఉండే చిన్నది ఒకటి. ఇది కరెంటు తక్కువ తింటుంది, ఉత్తరాలు రాసుకోవడానికి, సినిమా చూడడానికి చాలు. రెండోది విడిగా ఉండే పెద్దది. ఆటలకు, ఇంజనీరింగు డ్రాయింగులకు కావలసింది. అది ఒక్కటే ముప్పై అయిదు వాట్ల దాకా లాగగలదు. బ్యాటరీ మీద నడిచే యంత్రానికి అది పెద్ద లోడు. అందువల్ల తయారీదారులు రెండూ పెట్టి, అవసరం లేనప్పుడు పెద్దదాన్ని ఆపేద్దామని ఆలోచించారు.

మొదట్లో చేసిన ఏర్పాటు మన మిల్లుల్లో చేంజ్‌ఓవర్ స్విచ్ వంటిదే. ఆదోని జిన్నింగు మిల్లుల్లో మెయిన్సు పోయినప్పుడు పిడి ఇటు నుంచి అటు వేస్తే జనరేటరు కరెంటు వస్తుంది. రెండూ ఒకేసారి లోడు మీదికి రావు, రాకూడదు కూడా. 2006లో సోనీ కంపెనీ వారి ఒక ల్యాప్‌టాపులో అచ్చంగా ఇలాంటి మీటే ఉండేది. మీట జరిపి, యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెడితే రెండో చిప్పు పనిలోకి వచ్చేది. మొరటుగా ఉన్నా ఎవరికైనా అర్థమయ్యే ఏర్పాటు.

2010 ఫిబ్రవరిలో ఎన్‌విడియా కంపెనీ ఆప్టిమస్ అనే పద్ధతి ప్రకటించింది. ఇందులో చేంజ్‌ఓవర్ స్విచ్చే లేదు. తెరకు వెళ్ళే తీగ ఎప్పుడూ చిన్న చిప్పుకే కట్టి ఉంటుంది. పెద్ద చిప్పు మేలుకున్నప్పుడు తాను గీసిన బొమ్మను చిన్న చిప్పు జ్ఞాపకంలోకి నకలు పంపుతుంది. చిన్నది దాన్ని తెర మీదికి ఎక్కిస్తుంది. అంటే జనరేటరుకు సొంత ఫీడరు లేదు, దాని కరెంటు మెయిన్సు ప్యానెలు బస్‌బార్ గుండానే బయటికి పోవాలి. ఒక స్విచ్ ఖర్చు, ఒక స్విచ్ తంటా తప్పాయి. కానీ ఎప్పుడు జనరేటరు వేయాలి, ఎప్పుడు ఆపాలి, కరెంటు ఎట్లా కలపాలి అనేదంతా ఆపరేటరు నెత్తిన పడింది. ఇక్కడ ఆపరేటరంటే డ్రైవరు అనే ప్రోగ్రాము. విండోస్‌కు ఆ డ్రైవరును కంపెనీయే రాసి ఇచ్చింది. లైనక్స్‌కు ఇవ్వలేదు.

మరో తిరకాసు కూడా చెప్పాలి, మా ఇంటి కథ దాని మీదే ఆధారపడింది. కొన్ని ల్యాప్‌టాపుల్లో లోపలి తెర చిన్న చిప్పుకు కట్టి, బయటి టీవీకి పోయే హెచ్‌డీఎంఐ రంధ్రాన్ని మాత్రం పెద్ద చిప్పుకు కట్టారు. అంటే పెద్ద చిప్పు నిద్రపోతే టీవీ మీద బొమ్మ రాదు. ఇంట్లో లైట్లన్నీ మెయిన్సుకు, వరండా లైటొకటి జనరేటరుకు కట్టినట్టు.

లైనక్స్ గురించి రెండు మాటలు. 1991లో ఫిన్లాండులో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన వ్యవస్థ ఇది. దాని మూలప్రతి అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇతరులకు పంచితే దాని మూలప్రతి కూడా ఇవ్వాలి, ఇది షరతు. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు మగ్గం ఎవరిదైనా నూలు, సరుకు అమ్మకం అందరివీ కలిపి చూసుకోవడం అనే పద్ధతి మన ప్రాంతం వారికి తెలిసింది. సోమప్ప గారికి 1954లో పద్మశ్రీ వచ్చింది. ఆ పద్ధతి తెలిసినవారికి లైనక్స్ సంగతి ఎక్కువ వివరించనక్కరలేదు. తేడా ఒకటుంది. ఇక్కడ నేసేవారు ఒకరి ముఖం ఒకరు చూడకుండానే నేస్తారు. వారిలో కొందరు జీతాలున్న ఇంజనీర్లు, కొందరు పూర్తిగా సొంత ఖర్చుతో పనిచేసే పిల్లలు.

మొదట ముందుకొచ్చింది జీతం ఉన్నాయనే. రెడ్ హ్యాట్ కంపెనీలో పనిచేసే డేవ్ ఎయిర్లీ 2010 తొలి నెలల్లో రెండు చిప్పుల మధ్య మార్చే ఒక ప్రోగ్రాము రాశాడు. అదే ఏడు మే నెలలో వచ్చిన లైనక్స్ 2.6.34లో అది చేరింది. చేంజ్‌ఓవర్ స్విచ్ ఉన్న పాత రకం యంత్రాలకు అది బాగానే పనికొచ్చింది. స్విచ్చే లేని ఆప్టిమస్ యంత్రాలకు చాలలేదు. ఇక వాటి యజమానులు చీకట్లో తడుముకున్నారు. పెద్ద చిప్పును వాడుకోవడం దేవుడెరుగు, దాన్ని ఆపడం ఎట్లా అన్నదే పెద్ద ప్రశ్న అయింది. అది ఊరికే వెలుగుతూ బ్యాటరీని తాగేది, ల్యాప్‌టాపు అడుగు వేడెక్కేది. దాన్ని ఆపే ఆజ్ఞ ఒక్కో కంపెనీ యంత్రంలో ఒక్కో తీరుగా ఉండడంతో, తమ తమ యంత్రాల్లో ఏ ఆజ్ఞ పనిచేసిందో జనం ఒకరికొకరు చెప్పుకొని జాబితాలు తయారు చేశారు. డచ్చి విద్యార్థి పీటర్ వూ ఆ గందరగోళాన్నంతా ఒక చిన్న ప్రోగ్రాముగా కుదించి, ఒక్క మాటతో చిప్పు ఆగేటట్టు, ఒక్క మాటతో లేచేటట్టు చేశాడు.

2011లో డెన్మార్కుకు చెందిన మార్టిన్ యూల్ బంబుల్‌బీ అనే పథకం మొదలుపెట్టాడు. ఆప్టిమస్ అన్నది ఒక ఇంగ్లీషు బొమ్మల కథలో పెద్ద రోబో పేరు. ఆ కథలోనే చిన్న రోబో పేరు బంబుల్‌బీ. పెద్దాయన రానంటే చిన్నవాడే వస్తాడని కాబోలు. ఈ పద్ధతిలో కనపడని తెర ఒకటి వెనకాల సృష్టించి, దాని మీద పెద్ద చిప్పు చేత గీయించి, ఆ బొమ్మను ముందు తెరకు మోసుకొస్తారు. మోతబరువు వల్ల వేగం కొంత తగ్గేది. అయినా మొదటిసారి ఆ చిప్పు లైనక్స్ మీద పనిచేసింది. వేలకొద్దీ జనం దాన్ని వేసుకున్నారు.

అక్కడే ఒక ప్రమాదం జరిగింది. కంప్యూటరు వారు ఇప్పటికీ చెప్పుకుంటారు. బంబుల్‌బీని వేసే ప్రోగ్రాములో పాత ఫైళ్ళు ఒకచోట తొలగించమనే వరుస ఒకటి ఉంది. ఆ వరుసలో ఒక పేరు మధ్యన పొరపాటున ఒక్క ఖాళీ పడింది. మన భాషలో చెప్పాలంటే, 'పాత స్తంభం దగ్గరి తీగ తీసివేయవలెను' అని రాయబోయి 'పాత స్తంభం, దగ్గరి తీగ తీసివేయవలెను' అని రాసినట్టు. లైన్‌మన్ స్తంభం పీకేస్తాడు, అతని తప్పేముంది? ఆ ఖాళీ వల్ల కంప్యూటరులోని ప్రోగ్రాములన్నీ ఉండే ముఖ్యమైన డైరెక్టరీ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. రాసినవారు తప్పు ఒప్పుకొని పెద్ద అక్షరాలతో క్షమాపణ చెప్పి సరిదిద్దారు. ఈ సంగతి విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. ఒకే నంబరు తప్పు చదివి వేరే ఫీడరు ఆపినందువల్ల, ఆగని ఫీడరు మీద చెయ్యి వేసిన మనిషిని నేను సర్వీసులో చూశాను. కంప్యూటరులో పోయింది ఫైళ్ళే కదా, మళ్ళీ వేసుకుంటారు.

2012 జూన్‌లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయంలో టోర్వాల్డ్స్ ప్రసంగించాడు. సభలో ఒక అమ్మాయి లేచి, తన ఆప్టిమస్ ల్యాప్‌టాపు లైనక్స్ మీద పనిచేయడం లేదని, కంపెనీ సాయం చేయడం లేదని అడిగింది. ఆయన ఎన్‌విడియా అంత ఇబ్బంది పెట్టిన కంపెనీ మరొకటి లేదని చెబుతూ, కెమెరా వైపు తిరిగి ఒక వేలు చూపించి ఒక మాట అన్నాడు. పెద్దలు చదివే ఈ సంచికలో ఆ వేలేదో ఆ మాటేదో రాయలేను. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. యూనియన్ గేటు మీటింగుల్లో ఎంతో విన్న మనకు ఇది కొత్త కాదు. నా అభిప్రాయం చెప్పమంటే, ఆ వేలి వల్ల జరిగిన పని తక్కువ, ఆ ఏడాదే చప్పుడు లేకుండా జరిగిన మరొక పని వల్ల ఎక్కువ.

ఆ పనిలో మన దేశంవాడి చేయి ఉంది. రెండు చిప్పులు ఒకే బొమ్మను పంచుకోవాలంటే, ఒకడు గీసిన పలకను రెండోవాడు నకలు రాసుకోకుండా నేరుగా అందుకునే ఏర్పాటు ఉండాలి. సుమిత్ సెమ్వాల్ అనే భారతీయ ఇంజనీరు రాసిన ఆ ఏర్పాటు 2012 మార్చిలో వచ్చిన లైనక్స్ 3.3లో చేరింది. కెమెరా, వీడియో, బొమ్మల చిప్పు ఒకదానికొకటి పలకలు అందించుకునే ఉమ్మడి బల్ల అది. దాని మీదనే ఎయిర్లీ తన ప్రైమ్ అనే పద్ధతిని కట్టాడు. ఒక చిప్పు గీస్తుంది, మరొక చిప్పు చూపిస్తుంది. ఎవరు గీయాలో ఎవరు చూపాలో వాడేవాడే చెప్పవచ్చు. 2012 సెప్టెంబరు నాటికి తెర వ్యవహారాలు చూసే ఎక్స్ సర్వరులో కూడా దానికి చోటు దొరికింది. బంబుల్‌బీ లాగా దొడ్డిదారిన మోసుకురావడం కాదు, రాజమార్గం పడింది.

వెంటనే తగాదా కూడా పడింది. ఆ అక్టోబరులో ఎన్‌విడియా ఇంజనీరు ఒకరు, ఆ ఉమ్మడి బల్లను మా మూసిన డ్రైవరు కూడా వాడుకునేలా గుర్తు మార్చండని ఒక సవరణ పంపారు. మూలప్రతి తెరిచినవారికి మాత్రమే ఆ బల్ల అన్నది గుర్తు. ఆలన్ కాక్స్ అనే పాతకాపు తన వాటా పని మీద ఆ మినహాయింపు ఇవ్వనని ఖరాఖండిగా చెప్పాడు. తన మూలప్రతి చూపకుండా మన మూలప్రతి వాడుకుంటామంటే కుదరదని వాదన. సంఘం సభ్యత్వం తీసుకోకుండా సంఘం గోడౌనులో నూలు అడిగినట్టు. అటు లక్షలాది వాడుకదారుల ఇబ్బంది, ఇటు షరతు. ఎవరిది న్యాయమంటే నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. సర్వీసులో కూడా రూలు పట్టుకున్నవాడిని తిట్టుకున్న రోజులున్నాయి, ఆ రూలే నా పెన్షను కాపాడిన రోజూ ఉంది.

కంపెనీ తన దారి తాను చూసుకొని, 2013లో 319 శ్రేణి డ్రైవరుతో పెద్ద చిప్పు గీస్తే చిన్న చిప్పు చూపే ఏర్పాటుకు తలుపు తెరిచింది. అదే ఏడు సెప్టెంబరులో కొన్ని సాంకేతిక పత్రాలు కూడా బయట పెట్టడం మొదలుపెట్టింది. ఎవరి కోసమంటే, నూవో అనే బృందం కోసం. నూవో అంటే ఫ్రెంచి భాషలో కొత్త అని అర్థం. ఎన్‌విడియా చిప్పులు ఎట్లా పనిచేస్తాయో కంపెనీ చెప్పకపోయినా, బయటినుంచి తట్టి చూసి, సంకేతాలు గమనించి, ఏళ్ళ తరబడి కూర్చొని సొంత డ్రైవరు రాసినవాళ్ళు వీరు. డ్రాయింగు లేని పాత ప్యానెలులో ఏ తీగ ఎటు పోతుందో మెగ్గరు పట్టుకొని వెతికినట్టు. 2010 ఫిబ్రవరిలోనే వారి పని లైనక్స్ లోపల చేరింది. అది కంపెనీ డ్రైవరంత వేగం కాదు. కానీ 2013 నవంబరు నాటి లైనక్స్ 3.12 నుంచి, పని లేనప్పుడు పెద్ద చిప్పును దానంతట అదే నిద్రపుచ్చే తెలివి కూడా దీనికి అబ్బింది.

ఇక మా ఇంటికి వస్తాను.

2012లో మా అబ్బాయి కొన్న ల్యాప్‌టాపు, అతను కొత్తది కొనుక్కున్నాక నాకు చేరింది. అందులో విండోస్ 7 ఉండేది. 2020 జనవరి 14న, సరిగ్గా భోగి నాడు, ఆ విండోస్‌కు మద్దతు ఆగిపోయింది. అదే వారంలో నీలకంఠేశ్వరుని జాతరకు ఎమ్మిగనూరు వెళ్ళాము. అక్కడ మా తోడల్లుడి కుమారుడున్నాడు, కంప్యూటరు ఉద్యోగి. ఒక పెన్‌డ్రైవు తెచ్చి గంటలో లైనక్స్ వేసి ఇచ్చాడు. తెలుగు అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. 'దీన్లో ఇంకేమీ కెలుకద్దు పెద్నాయనా, బాగుంది' అని చెప్పి పంపాడు.

కెలికాను. చిప్పులు రెండున్నాయని తెలిసిన తరువాత, రెండోది ఊరికే ఉండడమేమిటని అనిపించింది. సర్వీసంతా స్పేర్ ట్రాన్స్‌ఫార్మరు ఖాళీగా ఉంటే పై అధికారులకు సంజాయిషీ రాసినవాణ్ణి. నా చిప్పు ఏ తరానిదో చూసుకోకుండా కొత్త తరం డ్రైవరు ఎక్కించాను. మధ్యలో అది ఏదో అడిగింది. నూవోను ఆపే ఫైలు ఒకటి రాయమంటారా అని ప్రశ్న. సరేనని నొక్కాను. మళ్ళీ మొదలుపెడితే తెర నల్లగా ఉండిపోయింది. ఊళ్ళో ఒక రిపేరు షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, తొమ్మిది వేలు అన్నారు. మా వాడు ఎమ్మిగనూరు నుంచి ఫోనులో ఒక్కొక్క అక్షరం చెబుతుంటే, 'డి ఫర్ ఢిల్లీ, ఎస్ ఫర్ సైకిల్' అనుకుంటూ నేను కొట్టాను. సైకిల్ ఎస్‌తో కాదు పెద్నాయనా అన్నాడు. రెండు గంటల్లో ఆ డ్రైవరు తీసేశాము, తెర వచ్చింది. బతికాను అనుకొని ఊరుకున్నాను. యంత్రం అడుగు మాత్రం కాలేది, బ్యాటరీ యాభై నిమిషాలకే అయిపోయేది. పాతబడింది కదా అని సరిపెట్టుకున్నాను.

మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. దానికి ఆరేళ్ళ కూతురు. ఆ వేసవికి వాళ్ళు రావలసింది, టికెట్లు పోయాయి. మా ఇంటావిడకు షుగరు వల్ల కంటిలోపలి పొర దెబ్బతిన్నది, చూపు మధ్యలో మసక. కర్నూలు వెళ్ళి చేయించుకోవలసిన చికిత్స ఒకటి ఆగిపోయింది. కర్నూలు జిల్లాలో కేసులు ఎక్కువగా ఉన్న రోజులవి, ఊరు దాటడానికి లేదు. ఫోనులో మనవరాలిని చూపిస్తే 'గొంతు వినపడతాంది, మొగం తెలీదు' అనేది. ల్యాప్‌టాపు తెర కూడా చాలలేదు. ముప్పై రెండు అంగుళాల టీవీ మీద అయితే కనపడుతుందేమోనని తీగ వేశాను. టీవీ నీలంగా ఉండిపోయింది, బొమ్మ లేదు. ఆ మధ్యాహ్నం ఆమె టీవీ ఎదుట కుర్చీ వేసుకొని కూర్చొని, కాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ నెల రోజులు రాత్రి ఎనిమిది దాటాక మా వాడు ఫోను చేసి నాకు ఈ చరిత్రంతా చెప్పాడు. పైన రాసినదంతా అలా విన్నదే, తరువాత చదివి సరిచూసుకున్నదే. వాడికి విసుగు రాలేదు, నాకు నిద్ర రాలేదు. మే నెలలో ఒక రాత్రి, హెచ్‌డీఎంఐ రంధ్రం పెద్ద చిప్పుకు కట్టి ఉంటుందన్న మాట దగ్గర నేను ఆపాను.

'అబ్బయ్యా, ఆ పెద్ద చిప్పును ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు?'

'నూవో చూసుకుంటాది పెద్నాయనా.'

'నూవో ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది?'

చూస్తే లేదు. పనిలోకే రాలేదు. అప్పుడు ఆ ఫైలు గుర్తొచ్చింది. డ్రైవరును తీసేశాము గానీ, నేను సరేనని నొక్కి రాయించిన ఆ రెండు వరుసల ఫైలు అక్కడే ఉంది. నూవోను లోపలికి రానివ్వవద్దు అని దాని ఆజ్ఞ.

కరెంటు పని తెలిసినవారికి ఇక చెప్పనక్కరలేదు. లైను మీద పనికి ఎల్సీ తీసుకున్నాము, పని అయింది, మనుషులు దిగారు, ఎల్సీ మాత్రం తిరిగి ఇవ్వలేదు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు స్విచ్ వేయడు, వేయకూడదు. ఊరు చీకట్లో ఉంటుంది. చిప్పును చూసుకునే నాథుడు లేక అది పూర్తి కరెంటుతో ఊరికే వెలుగుతోంది, అందుకే ఆ వేడి. దాన్ని నడిపేవాడు లేడు కాబట్టి టీవీకి బొమ్మ లేదు. రెండు రోగాలకు ఒకటే కారణం. నలభై ఏళ్ళ కింద నా కింద పనిచేసిన లైన్‌మన్ ఇట్లా చేసి ఉంటే మెమో ఇచ్చి ఉండేవాణ్ణి.

ఆ ఫైలు తీసేశాము. మొదట్లో లోడయ్యే కట్టను మళ్ళీ కట్టించి యంత్రాన్ని తిరిగి మొదలుపెట్టాము. గీసేది చిన్న చిప్పు, టీవీకి చేరవేసేది పెద్ద చిప్పు అని ఒక్క వరుస ఆజ్ఞ ఇవ్వమన్నాడు. ఎయిర్లీ పద్ధతిని తలకిందులుగా వాడడమన్న మాట. టీవీ ఒకసారి మిణుకుమని, నా పేరుతో ఉన్న తెర పెద్దగా వచ్చింది. తీగ పీకితే కాసేపటికి చిప్పు నిద్రపోయింది, అడుగు చల్లబడింది. బ్యాటరీ ఆ రోజు గంటా నలభై నిమిషాలు వచ్చింది.

మరుసటి ఉదయం ఏడింటికి, వాళ్ళకు ముందు రోజు రాత్రి, అమ్మాయి వీడియోలోకి వచ్చింది. మనవరాలు కెమెరా దగ్గరికి వచ్చి నవ్వింది. మా ఇంటావిడ కుర్చీ మూడడుగులు ముందుకు జరుపుకొని, తల కొంచెం పక్కకు వంచి చూసింది. మధ్యలో మసక కాబట్టి ఆమె అట్లాగే చూస్తుంది.

'దీనికి ముందర పండ్లు ఊడినాయని నాకెవ్వరూ చెప్పలేదేందీ?' అంది.

రెండు వారాల కిందటే ఫోనులో చెప్పామన్నాను. నా మాట వినిపించుకోలేదు. పాప పేరు పెట్టి పిలుస్తూ, పండు ఎక్కడ పారేసినావే, ఇంటి మీద వేసినారా లేదా అని అడుగుతూ ఉంది. అమెరికాలో ఇంటిపైకి వేయడానికి కుదరదని మా అమ్మాయి సర్దిచెప్పింది.

తరువాతి చరిత్ర కొద్దిగా ఉంది. కొత్త చిప్పులున్నవారికి 2019 ఆగస్టులోనే, ఏ ఒక్క ప్రోగ్రామును పెద్ద చిప్పు మీద నడపాలో ఎంచుకునే వీలు కంపెనీ డ్రైవరు 435 శ్రేణితో వచ్చింది. 2022 మే నెలలో ఎన్‌విడియా తన డ్రైవరులో లైనక్స్ లోపల కూర్చునే భాగం మూలప్రతిని బయటపెట్టింది, 2018 నుంచి వచ్చిన చిప్పుల తరాలకు మాత్రమే. నా పాత తరానికి కంపెనీ సవరణలు ఆ ఏడాదితోనే ఆగాయి. అయినా నూవో చూసుకుంటోంది. ఆ ల్యాప్‌టాపు మీదనే ఈ వ్యాసం రాశాను. బ్యాటరీ పూర్తిగా పోయింది, గోడకు తగిలించి వాడుతున్నాను. మా ఇంటావిడకు ఆగిన చికిత్స ఆ ఏడు అక్టోబరులో మొదలైంది. ఎడమ కన్ను కొంత నిలబడింది, కుడి కన్నుకు ఆలస్యమైందన్నారు. టీవీ అక్కడే ఉంది, తీగ దానికే ఉంది.

సభ్యులు ఎవరి దగ్గరైనా ఇలాంటి పాత ల్యాప్‌టాపు మూలపడి ఉంటే మన సంఘం ఆఫీసుకు తీసుకురండి. మా వాడు ఎమ్మిగనూరు నుంచి వచ్చినప్పుడు కూర్చొని చూస్తాము, ఖర్చేమీ లేదు. వచ్చేటప్పుడు చార్జరు మరిచిపోవద్దు. వాటి బ్యాటరీల సంగతి నాకు తెలుసు.